బుడ్డపొట్టు, బూజు, ఒక గాజుపలక

నాలుగేళ్ల కిందట కార్తీకంలో మా చిన్నాయన కంట్లో బుడ్డపొట్టు పడింది. బయటివాళ్లు వేరుశెనగ అంటారు, మా గుంతకల్లు వైపు బుడ్డలంటాం. చెట్లు పీకి, చేలోనే ఎండబెట్టి, మిషన్‌కు వేసి కాయ రాలుస్తారు. ఆ మిషన్ ముందర నిలబడితే దుమ్ము, పొట్టు, ఎండుకట్టె తునకలు మొహాన కొడతానే ఉంటాయి. అందరికీ కొడతాయి. ఆ రోజు ఒక తునక చిన్నాయన కుడికంట్లో కొట్టింది.

పెద్ద తునక కూడా కాదు. టవల్ కొసతో తుడుచుకుని, రెండు గుక్కల నీళ్లు తాగి, పొద్దు గూకేదాకా పని చేశాడు.

ఈ వారం కాలమ్ ఆ తునక గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పెద్ద కళ్లాసుపత్రుల్లో పరిశోధన అని ఒక పని జరుగుతుంటుంది కదా, దానికీ కసాపురం రోడ్డు పక్కన చేలో బుడ్డలు రాల్చే మనిషికీ ఏం సంబంధం అని. నాకు అప్పటిదాకా ఏ సంబంధమూ కనిపించలేదు. ఆసుపత్రి అంటే డాక్టరు, మందు, బిల్లు. పరిశోధన అంటే ఏసీ గదుల్లో తెల్లకోట్లవాళ్లు చేసుకునేది, అప్పుడప్పుడూ పేపర్లో ఫొటో పడేది. మనకు చుక్కలమందు రాసిస్తే చాలు, పై అంతస్తులో వాళ్లేం చేసుకుంటే మనకేం?

సరే, తునక దగ్గరికి వద్దాం.

మొదటి రాత్రి మా జేజి వైద్యం. పక్కింట్లో బాలింత ఉంది, చనుబాలు రెండు చుక్కలు కంట్లో వేయించింది. నా చిన్నప్పుడు నాకూ వేశారట. మీలో చాలామందికి వేసే ఉంటారు, మీ అమ్మను అడగండి. రెండోరోజు కన్ను మిరపపండయింది. అప్పుడు నేను రంగంలోకి దిగా. డిగ్రీ చదివినోణ్ణి, ఫోన్ చేతిలో ఉన్నోణ్ణి. చనుబాలేంటి, మూఢనమ్మకం కాకపోతే, అని జేజి మీద అరిచి మెడికల్ షాపుకు పోయి చుక్కలమందు తెచ్చా. చీటీ లేదు, ఏమీ లేదు. "కన్ను ఎర్రగుంది అన్నా" అంటే ఒక చిన్న సీసా చేతిలో పెట్టారు. అంతే.

మందు అద్భుతంగా పనిచేసింది! సాయంత్రానికల్లా ఎరుపు తగ్గింది. మంట తగ్గింది. చిన్నాయన మళ్లీ చేలోకి పోయాడు. నేను జేజి వైపు గెలిచినోడిలా చూశా.

ఆ సీసాలో స్టెరాయిడ్ ఉందని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. స్టెరాయిడ్ చేసే పని వాపునూ ఎరుపునూ తగ్గించడం. కంటి డాక్టర్లు దాన్ని ఎన్నో జబ్బులకు లెక్కచూసి వాడతారు, అది చెడ్డ మందేం కాదు. కానీ కంట్లో పడింది చెట్టు తునక. దాని వెంట బూజు వచ్చింది. బూజంటే రొట్టె మీద, తడిగోడ మీద పట్టేదే, ఫంగస్. ఒళ్లు దాంతో కొట్లాడుతున్నప్పుడే కన్ను ఎర్రబడుతుంది. స్టెరాయిడ్ ఆ కొట్లాటను ఆపేసింది. కాపలా కుక్కకు మత్తుమందు పెట్టి, దొంగ రాలేదు చూడు ఎంత నిశ్శబ్దంగా ఉందో అని మురిసిపోయినట్టు. ఎరుపు పోయింది. బూజు హాయిగా పెరిగింది.

ఆరోరోజు చిన్నాయన అద్దంలో చూసుకుని నన్ను పిలిచాడు. "ల్యా, ఇట్ల రా. ఇదేందో తెల్లగా సూడు." నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లమచ్చ. అంచులు ఈకలు ఈకలుగా ఉన్నాయి. ఆ రాత్రి నొప్పికి ఆయన గోడకు తల కొట్టుకున్నాడు. నేను సీసాను పెరట్లోకి విసిరేశా. విసిరేస్తే ఏం లాభం?

ఊళ్లో కంటి డాక్టరు దగ్గర కూర్చోబెట్టి మిషన్‌లో చూసి ఆయన ఒకటే మాట అన్నాడు. "ఇది పుండు. ఇందులో ఏముందో గీకి చూడాలి. ఆ ల్యాబ్ ఉన్నచోటికి పోండి, ఈ రాత్రే పోండి." కర్నూలు దగ్గరే, బెంగళూరూ దూరం కాదు. కానీ మా మేనమామ ఇల్లు హైదరాబాద్‌లో. మావాళ్ల జబ్బులన్నీ మామ ఇల్లున్న దిక్కుకే పోతాయి. రాత్రి గుంతకల్లు ప్లాట్‌ఫాం మీద చిన్నాయన తువ్వాలు కంటికి కట్టుకుని కూర్చుంటే, చిన్నమ్మ సంచీ పట్టుకుని, నేను ఫోన్‌లో "కంటి పుండు" అని వెతుక్కుంటూ. ఆ ఫొటోలు మాత్రం చూడకండి.

హైదరాబాద్‌లో ఒక పెద్ద కళ్లాసుపత్రి. తెల్లవారి టోకెన్ తీసుకుంటే పదిగంటలకల్లా లోపలికి పిలిచారు. కన్ను మొద్దుబారే చుక్కలు వేసి, మిషన్‌కు గడ్డం ఆనించి కూర్చోబెట్టి, సన్నటి బ్లేడుతో పుండు అంచుల నుంచి కొంచెం గీకారు. పుండును గీకుతున్నారంటే నాకే కడుపులో తిప్పింది. ఆయనకేం తెలియలేదట. ఆ గీకింది గాజుపలక మీద రాశారు. మరికొంత, ఉగ్గుగిన్నె మూతల్లాంటి పళ్లాల్లో సి ఆకారంలో గీతలు గీసినట్టు పూశారు.

గంట లోపలే జవాబు వచ్చింది. బూజు.

అంత తొందరగా ఎట్ల తెలిసింది? నేను అడిగా. నా వయసే ఉన్న ఒక టెక్నీషియన్ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తారు. అది కంటి కణాలను కరిగించేస్తుంది. బూజు పోగుల గోడ మాత్రం గట్టిది, కరగదు. మైక్రోస్కోపులో పెడితే ఖాళీ మైదానంలో తీగల్లాగా పోగులు కనిపిస్తాయి. "మీరూ చూస్తారా?" అని అడిగింది. చూశా. కొమ్మలు కొమ్మలుగా, సన్నగా, గాజులాగా. చూడ్డానికి అందంగానే ఉంది, అది మా చిన్నాయన కన్ను తింటోందని తెలియకపోతే.

ఆ చుక్క ఖరీదెంతో తెలుసా? దాదాపు ఏమీ లేదు. పొటాషియం హైడ్రాక్సైడ్ మీ ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉండే సరుకే. కానీ ఆ చుక్కను నమ్మొచ్చా, దాన్నిబట్టి వెంటనే మందు మొదలుపెట్టొచ్చా అని ఎవరో ఒకరు లెక్క తీయాలి. ఆ లెక్క ఇంటికొచ్చాక దొరికింది. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్లు 1991 నుంచి 2000 దాకా పదేళ్లలో తమ దగ్గరికి బూజుపుండుతో వచ్చిన 1,352 మంది వివరాలు కూర్చి 2002లో ప్రచురించారు. పళ్లెంలో పెంచి బూజేనని రుజువైన కళ్లల్లో 91 శాతం, ఆ గాజుపలక మీద ఆ ఒక్క చుక్కతోనే బయటపడ్డాయి. పళ్లెంలో బూజు పెరిగేదాకా రోజుల తరబడి ఆగక్కర్లేదు. గంటలోపు తెలుస్తుంది. అంటే మైక్రోస్కోపు, చూడ్డం తెలిసిన మనిషి ఉంటే చిన్న ఊళ్లో కూడా చేయొచ్చు.

ఆ వ్యాసంలోనే ఇంకో లెక్క నన్ను ఆపేసింది. ఆ 1,352 మందిలో ఆడవాళ్ల కంటే మగవాళ్లు రెండున్నర రెట్లు ఎక్కువ. నూటికి 64 మంది 16 నుంచి 49 ఏళ్ల లోపువాళ్లు. సగానికి పైగా కళ్లకు ముందు ఏదో ఒక దెబ్బ తగిలింది. వానాకాలం, చలికాలంలో కేసులు ఎక్కువ. మా చిన్నాయన మగవాడు, నలభై ఒకటి, కార్తీకం, కట్టెతునక. ఆయన పుండు మా ఇంట్లో పిడుగుపాటు అనుకున్నాం. లెక్కలో చూస్తే ఆయన వరసలో నిలబడ్డ మనిషి. ఆయన ముందు ఇంకో వెయ్యిమంది ఉన్నారు, వాళ్ల కళ్లు గీకి, రాసి పెట్టబట్టే ఆయనకు గంటలో జవాబు దొరికింది.

ఇప్పుడు నేను సిగ్గుపడే సంగతి.

గీకిన తర్వాత ఇంకో అమ్మాయి కాగితం తెచ్చింది. పళ్లెంలో పెరిగే బూజును దాచి పెట్టుకుని పరిశోధనకు వాడుకోవచ్చా, మీ పేరు ఎక్కడా రాదు, వద్దన్నా మీ వైద్యం మారదు అని తెలుగులో చదివి వినిపించింది. చిన్నమ్మకు పరిశోధన అన్న మాట ఒక్కటే వినపడింది. "మా మనిషి మీద ప్రయోగాలు సేస్తారా?" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను ధైర్యం చెప్పాల్సిందిపోయి, "సంతకం పెట్టొద్దు నాయనా, వీళ్లకు మనం ఎలుకల్లెక్క" అన్నా. ఏదో వీడియోలో చూసింది గుర్తుంది మరి.

చిన్నాయన ఒంటికన్నుతో నన్ను చూసి అన్నాడు. "బూజు కదప్పా వాళ్లడిగేది. నా కంట్లోది నేనేం జేసుకోవల్ల? ఊరగాయ పెట్టుకునేదా? తీస్కోనీ." సంతకం పెట్టేశాడు.

ఎలుకల భయం ఊరికే రాలేదు, అదీ ఒప్పుకోవాలి. పేదవాళ్లకు చెప్పకుండా వాళ్ల మీద మందులు పరీక్షించిన చరిత్ర ప్రపంచంలో ఉంది. ఆ చరిత్ర వల్లే సంతకం కాగితం, ఎథిక్స్ కమిటీ అనేవి పుట్టాయి. కాగితం చదివి వినిపించకుండా సంతకం పెట్టమంటే ఇప్పుడు కూడా అడగండి, గట్టిగా అడగండి. నేను చేసింది అడగడం కాదు, వినకుండా వద్దనడం.

ఇక మందు. తెల్లగా, పలచటి మజ్జిగలాగా ఉంటుంది. బాగా కుదిపి గంటగంటకూ వేయాలి, రాత్రి కూడా. పేరు నాటామైసిన్. పేరు వెనక తమాషా ఉంది: దక్షిణాఫ్రికాలోని నాటాల్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి 1950ల్లో తీశారు, అందుకే నాటా. మన తెలుగువాళ్లు ఓడలెక్కి చెరుకుతోటల్లో కూలికి పోయిన నాటాలే అది. ఆ మట్టిలోది గుంతకల్లు కంట్లోకి వచ్చింది. ఇంకో సంగతి, చీజ్ మీద బూజు పట్టకుండా రాసేదీ ఇదే మందు.

చిన్నమ్మకు అనుమానం. ఇంత పాత మందా? అంత పెద్ద ఆసుపత్రిలో కొత్త మందు లేదా? మాత్రలు కూడా రాయలేదేంది? ఊళ్లో అయితే జ్వరానికే నాలుగు మాత్రలిస్తారు.

సరిగ్గా ఇవే ప్రశ్నలు డాక్టర్లకూ వచ్చాయి. ఒంట్లో లోపల వచ్చే బూజు జబ్బులకు వోరికోనజోల్ అని కొత్త మందు వచ్చింది, ఖరీదైంది. దాన్ని చుక్కలుగా చేసి కంట్లో వాడటం మొదలైంది. కొత్తది, ఖరీదైంది, మంచిదే అయ్యుంటుంది అని అందరికీ అనిపించింది. అనిపించడం వేరు కదా. తమిళనాడులోని అరవింద్ కంటి ఆసుపత్రులు అమెరికా డాక్టర్లతో కలిసి దీన్ని తేల్చడానికి కూర్చున్నాయి. బూజుపుండుతో వచ్చినవాళ్లలో ఒప్పుకున్న 323 మందికి బొమ్మా బొరుసూ వేసినట్టు, కొందరికి పాతది, కొందరికి కొత్తది. ఎవరి సీసాలో ఏముందో వేసుకునేవాళ్లకూ తెలియదు, పరీక్షించే డాక్టరుకూ తెలియదు. తెలిస్తే మనసు ఒక పక్కకు మొగ్గుతుంది, అందుకని.

2013లో ఫలితం వచ్చింది. పాత మందే గెలిచింది. అది వాడినవాళ్లకు చూపు మెరుగ్గా మిగిలింది, కన్ను చిల్లుపడి ఆపరేషన్ దాకా పోయినవాళ్లు తక్కువ. ముఖ్యంగా ఫ్యుజేరియం అనే బూజులో తేడా బాగా కనిపించింది. హైదరాబాద్ పదేళ్ల లెక్కలో అన్నిటికంటే ఎక్కువగా దొరికిన బూజు కూడా ఫ్యుజేరియమే. ఎల్.వి.ప్రసాద్ వాళ్లూ తమ రోగుల్లో ఈ రెండు మందులనే పోల్చి 2015లో ప్రచురించారు, అక్కడా పాతదే ముందుంది. మరి మాత్రలు? దాన్నీ వదల్లేదు. భారత్, నేపాల్‌లలో 240 మందిలో సగంమందికి చుక్కలతో పాటు వోరికోనజోల్ మాత్రలు, మిగతావాళ్లకు ఉత్త మాత్రలు ఇచ్చి చూశారు. 2016లో తేలిందేమంటే, మొత్తం మీద లాభం కనిపించలేదు, పైగా మాత్రల వల్ల వేరే ఇబ్బందులు పెరిగాయి.

చిన్నమ్మ ప్రశ్నకు జవాబు చెప్పడానికి 563 మంది తమ కళ్లు ఇచ్చారు. నేనైతే అట్ల లెక్కేసుకున్నా.

ఇందులో నన్ను గుచ్చే సంగతి ఒకటుంది. అరవింద్‌లో జరిగిన ఆ పరీక్షకు డబ్బులిచ్చింది అమెరికా ప్రభుత్వ నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్. కళ్లు మనవి, డబ్బులు వాళ్లవి. వాళ్లకు మంచిదే, నేనేం తప్పుపట్టను. కానీ బూజుపుండు అమెరికాలో అరుదు. అది వేడి దేశాల్లో, పొలంలో చేతులతో పనిచేసేవాళ్ల జబ్బు. అక్కడి కుర్రాళ్లకు కంటి పుండు వస్తే ఎక్కువగా కాంటాక్ట్ లెన్సు వల్ల. ఒక మందుల కంపెనీ వైపు నుంచి ఆలోచించండి: బుడ్డలు రాల్చే మనిషి కోసం కోట్లు పెట్టి కొత్త చుక్కలమందు ఎందుకు కనిపెట్టాలి? ఆయన కొనగలడా? అందుకే ఈ జబ్బు గురించి ఎవరైనా పట్టించుకోవాలంటే, ఆ రోగి ఏ ఆసుపత్రి మెట్లెక్కుతాడో వాళ్లే పట్టించుకోవాలి. ఇంకెవరికీ పట్టదు.

పుస్తకాలు కూడా వేరేచోట రాసినవే. అకాంతమీబా అని నీళ్లలో, మట్టిలో ఉండే ఒక ఏకకణ జీవి ఉంది, కంట్లో చేరితే మహా మొండిది. పాశ్చాత్య దేశాల్లో అది లెన్సులు పెట్టుకునేవాళ్ల జబ్బు. ఆ పుస్తకం చదివిన డాక్టరు, లెన్సు మొహమే చూడని రైతు వస్తే అకాంతమీబా అని అనుకుంటాడా? హైదరాబాద్‌లో గీకి చూస్తే లెన్సులు లేనివాళ్లలోనే అది దొరికింది. మురికినీళ్లు, మట్టి కారణం. 2000లో ఆ సంగతి బ్రిటిష్ పత్రికలో అచ్చయింది. (లెన్సులు పెట్టుకునే మీకో మాట: కుళాయి నీళ్లతో కడగొద్దు, పెట్టుకుని స్నానం చేయొద్దు. మీకూ అదే జీవి కాచుకుని ఉంది.)

ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి పేరు చాలాసార్లు ఎత్తా కాబట్టి రెండు ముక్కలు. ఆ పేరు సినిమా ఆయనదే. మన దేశపు తొలి టాకీ ఆలం ఆరా, తెలుగులో తొలి టాకీ భక్త ప్రహ్లాద, తమిళంలో కాళిదాస్, మూడింటిలోనూ నటించి, తర్వాత మిస్సమ్మ తీసిన ఎల్.వి.ప్రసాద్. అమెరికాలో కార్నియా డాక్టరుగా పనిచేసి వెనక్కి వచ్చిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారికి ఆయన స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. 1987లో ఆసుపత్రి మొదలైంది. నాకు ఆసక్తిగా అనిపించింది వేరే: ఆ సంస్థ వెనక ట్రస్టులు రెండు. ఒకటి ఆసుపత్రికి, రెండోది హైదరాబాద్ ఐ రీసెర్చ్ ఫౌండేషన్. అంటే వైద్యంతో పాటే పరిశోధనకూ చోటు పెట్టుకుని మొదలయ్యారు, డబ్బులు మిగిలాక చూద్దాంలే అనుకోలేదు. తర్వాత సీసీఎంబీని నడిపిన శాస్త్రవేత్త బాలసుబ్రమణియన్ లాంటివాళ్లు అక్కడికొచ్చి కూర్చున్నారు.

అక్కడ జరిగిన ఒక పని చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మా గుంతకల్లులో ఏ బీడాబంకు దగ్గరైనా సున్నం చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి. పిల్లలు వాటిని నొక్కి ఆడతారు. టప్‌మని పగిలి కంట్లో చిందితే కన్ను కాలిపోతుంది. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో మూలకణాలు ఉంటాయి, నల్లగుడ్డు మీది పొర అరిగినప్పుడల్లా అవే కొత్తది వేస్తుంటాయి. సున్నం వాటిని చంపేస్తుంది. ఇక ఆ కన్ను తెల్లగా మూసుకుపోతుంది, కార్నియా మార్చినా నిలవదు. నేల చచ్చిపోయాక నాటు వేసినట్టే.

2001 నుంచి హైదరాబాద్‌లో దీనికి ఒక దారి నడిచింది. బాగున్న కంటి అంచు నుంచి కొంచెం ముక్క తీసి, ల్యాబ్‌లో కొన్నాళ్లు పెంచి, దెబ్బతిన్న కంటి మీద నాటడం. పనిచేసింది. కానీ దానికి దుమ్ము లేని ప్రత్యేక ల్యాబ్, శాస్త్రవేత్తలు, బోలెడు ఖర్చు. ఇట్లాంటి ల్యాబ్ ఎన్ని ఊళ్లలో పెడతారు? డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, ఆయన తోటివాళ్లు పదేళ్ల అనుభవం తర్వాత అడిగిన ప్రశ్న చాలా చిన్నది: ఆ ముక్కను ల్యాబ్‌లో ఎందుకు పెంచాలి, కంటి మీదే పెరగదా? రెండు మిల్లీమీటర్ల ముక్కను ఎనిమిది, పది తునకలు చేసి, కాన్పు మాయ నుంచి తీసిన పలచటి పొర మీద, మడిలో నారు దూరదూరంగా పెట్టినట్టు, జిగురుతో అతికించారు. కణాలు వాటంతటవే పాకి పొర అల్లుకున్నాయి. 2012లో ఆరుగురి ఫలితాలతో ప్రచురించారు. 2016 నాటికి 125 మంది లెక్క వచ్చింది, సగానికి దగ్గరగా పిల్లలే. నూటికి 76 మందిలో ఆ పొర నిలిచింది. ఇప్పుడు ఈ పద్ధతిని వేరే దేశాల్లోనూ చేస్తున్నారు.

పదేళ్లు ల్యాబ్ నడిపి, ఈ పనికి ల్యాబ్ అక్కర్లేదని కనిపెట్టడం! ల్యాబ్ నడపనివాళ్లు ఆ మాట అని ఉంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

అన్నీ ఇట్లా మైక్రోస్కోపు పనులు కావు. తలుపులు తట్టి లెక్కపెట్టడం కూడా పరిశోధనే. 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి రాష్ట్రంలో 10,293 మంది కళ్లు పరీక్షించారు. అంధత్వం 1.84 శాతం అని, అందులో అరవై శాతం ఉత్త శుక్లాలూ కళ్లజోడు లేకపోవడం వల్లేనని తేలింది. కళ్లజోడు లేక గుడ్డివాళ్లు! పల్లెల్లో చిన్న కంటి కేంద్రాలు పెట్టి, అక్కడి యువతకే ఏడాది శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టడం వెనక ఇట్లాంటి లెక్కలున్నాయి. ఆ సర్వేకు ఎంచుకున్నవి హైదరాబాద్, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్. సీమ నుంచి ఒక్క జిల్లా లేదు. మహబూబ్‌నగర్ కూడా కరువు నేలే కదా, మన లెక్క కూడా దాదాపు అదే అనుకోవచ్చని ఎవరైనా అంటారేమో. నాకు మాత్రం మా బుడ్డల చేల లెక్క విడిగా కావాలి. మిషన్ ముందర ఎన్ని కళ్లు పోతున్నాయో ఎవరు రాస్తున్నారు?

చిన్నాయన కన్ను సంగతి అడుగుతారని తెలుసు. మూడు నెలలు గంటగంటకూ, తర్వాత రెండుగంటలకూ చుక్కలు వేశాం. రాత్రిళ్లు అలారం పెట్టుకుని వేసింది నేనే. ఎవరూ చెప్పలేదు, నాకే అట్ల చేయాలనిపించింది. బూజు చచ్చింది. కన్ను నిలిచింది. మచ్చ మిగిలింది. ఆ కంటితో మనిషి వస్తున్నాడని తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు. ముందే గీకించి ఉంటే, మధ్యలో నా సీసా లేకుంటే మచ్చ ఇంత ఉండేదా అని డాక్టర్ని అడిగా. ఆయన "ఇప్పుడు దాని గురించి ఎందుకు" అన్నాడు. జవాబు అర్థమైంది. కార్నియా మార్పిస్తే చూపు రావొచ్చట, పేరు రాయించాం. తేదీ చెప్పినప్పుడల్లా చిన్నాయన "బుడ్డలు అయిపోనీ" అంటాడు.

ఇప్పుడు మిషన్ ముందర ఆయన బండి కళ్లద్దాలు పెట్టుకునే నిలబడతాడు. మొదటేడు అందరూ "ఏం మామా, సినిమా హీరో అయితివే" అని నవ్వారు. నిరుడు ఇద్దరు కుర్రాళ్లు కూడా పెట్టుకున్నారు. వీధిలో ఎవరి కన్ను ఎర్రగా కనిపించినా ఆయన పలకరింపు ఒకటే: "గీకించినావా?" కొత్తవాళ్లు బెదిరిపోతారు. మొన్న మా వీధి మెడికల్ షాపు ముందర ఒకాయన కన్ను నులుముకుంటూ సీసా కొంటుంటే, చిన్నాయన ఆ సీసా లాక్కుని, వెనక్కి ఇచ్చేసి, డబ్బులు ఇప్పించి, ఆయన్ను తన బండి వెనక ఎక్కించుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ చూస్తే ఉత్త కళ్లకలక. డాక్టరు నవ్వాడట.

"కానీలే, కళ్లకలకే కదా, మేలే" అన్నాడు చిన్నాయన ఇంటికొచ్చి. ఆయన బూజు హైదరాబాద్‌లో ఏ ఫ్రీజర్‌లో ఉందో మాకు తెలియదు. ఎప్పుడైనా పోయి చూడొచ్చా అని అడగమన్నాడు నన్ను. అడగాలి.